జానెడు ముందున్న మాట

కెనడాలో మా హాలిఫాక్స్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు ఎక్కడ కలిసినా మొదట అడిగేది, "అంకుల్, మీది ఏ కంపెనీ?" అని. టీవీ స్టేషన్‌లో చేశానంటే వాళ్ళ కళ్ళు వెలుగుతాయి. "యాంకరా?" అంటారు. నా మొహం చూసి కూడా ఆ మాట అడగ్గలిగినందుకు వాళ్ళ మర్యాదకి దణ్ణం పెట్టాలి. కాదమ్మా, కింద గోదాములో పాత ఫిల్ములని వీడియోగా మార్చే యంత్రం ముందు ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్నాను అని చెప్తే, వెలిగిన కళ్ళు అంతే మర్యాదగా ఆరిపోతాయి.

ఇది ఆ గోదాములో నా ఆఖరి ఏడాది సంగతి. నా చేతులారా నేను చేసిన ఒక పాడుపని సంగతి కూడా. మీరు మీ మేనేజర్ల దగ్గర ఏవేవో దాస్తుంటారని నాకు తెలుసు. నేను దాచింది ఇదీ.

ముందు ఒకావిడ గురించి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరింది ఫిబ్రవరిలో. హైదరాబాదులో కొన్న తోలుబూట్లు వేసుకుని, బస్టాపు నుంచి స్టేషన్ దాకా మంచులో రెండుసార్లు జారిపడి, ఒక మోకాలు తడుపుకుని గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలో, ఎవరైనా వచ్చి పిలవాలో తెలియదు. అప్పుడు మెడలో స్టాప్‌వాచీ, చెవి మీద పెన్సిలూ ఉన్న ఒకావిడ నన్ను చూసి, "లోపలికి రండి. చోటుంది" అంది. ఇంగ్లీషులోనే అంది గానీ, ఆ చలిలో నా చెవులకి తెలుగులోనే వినపడింది. నిజంగానే చోటుంది. ఒక అర ఖాళీ చేసి, ఒక కప్పు కడిగి బోర్లించి, కుర్చీకి నా పేరు అతికించి పెట్టింది.

ఆవిడ స్క్రిప్ట్ అసిస్టెంట్. కార్యక్రమం నడుస్తున్నంతసేపూ స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని, సెకన్లు లెక్కపెడుతూ, ఎవరు మాట మర్చిపోతే వాళ్ళకి మెల్లిగా అందించడం ఆవిడ పని. మా తెనాలిలో నాటకాలాడేటప్పుడు తెర పక్కన నిలబడి ఇదే పని చేసేవాళ్ళుండేవారు, వాళ్ళకి చప్పట్లుండేవి కావు. మనసులో ఆవిణ్ణి స్క్రిప్టమ్మ అనుకునేవాణ్ణి. ఒకరోజు నోరు జారి పైకే అనేశాను. అర్థమడిగింది, చెప్పాను. "అమ్మ" అన్న ముక్క నచ్చి ఆ పేరు ఖాయం చేసుకుంది.

కొత్తగా ఎవరు చేరినా స్క్రిప్టమ్మ గుమ్మం దాకా వెళ్ళి అదే మాట చెప్పేది. లోపలికి రండి, చోటుంది. అది ఈ ఊరి ఆచారమేమో అనుకుని నేను కూడా మా ఇంటికొచ్చిన ప్లంబర్‌కి ఆ మాటే చెప్పాను. ఆయన కంగారుగా చూసి సింకెక్కడుందని అడిగాడు.

ఆ మాట ఎక్కడిదో నాకు పదేళ్ళ తర్వాత, ఒక టీ విరామంలో తెలిసింది. ఈ తీరంలో క్రిస్మస్ వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ చెప్పుకునే కథొకటుంది. ఎవరినీ గడప తొక్కనివ్వని పడవల యజమాని క్రిస్మస్‌కి ముందురోజు మంచులో దారి తప్పి, తలుపు తలుపూ తడతాడు. ఎవరూ తీయరు. ఆఖరికి ఒక బీద జాలరి ఇంట్లో, ఎవరైనా వస్తారేమోనని ఒక పళ్ళెం ఎక్కువ పెట్టుకున్న చోట, చిన్నపిల్ల తలుపు తీసి ఆ మాట అంటుంది. ముసలాయన టోపీ తీసి లోపలికొస్తాడు. అంతే కథ. ఊళ్ళోకి టీవీ వచ్చిన కొత్తలో మా స్టేషన్ వాళ్ళు దాన్ని నాటకంగా వేశారు. అప్పట్లో రికార్డు చేసుకుని చూపించడం లేదు, ఇక్కడ ఆడుతుంటే అక్కడ ఇళ్ళల్లో చూసేవాళ్ళు. ఆ చిన్నపిల్ల వేషం వేసింది మా స్క్రిప్టమ్మే. అప్పటికి ఎనిమిదేళ్ళు. నాటకం మొత్తంలో ఆవిడకున్నది ఆ ఒక్క మాట.

"ఆ మాట నేను చెప్పలేదట" అంది స్క్రిప్టమ్మ, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా. "మా అమ్మ స్టూడియో బయట వరండాలో నిలబడి వింది. అంతా నిశ్శబ్దం, ఇంక వినలేక చెవులు మూసుకున్నాను, నువ్వు మాట మింగేశావు, నాటకం పాడుచేశావు అంది. నాన్న పక్కింట్లో టీవీ చూశాడు. బాగానే చెప్పావు అన్నాడు. నాన్న ఎలాగూ అలాగే అంటాడు. నాకేమో దీపాల వేడి తప్ప ఏమీ గుర్తులేదు. ముసలాయన వేషం వేసినాయన ఆ తర్వాత నాతో ఒక్క మాటయినా మాట్లాడలేదు. మళ్ళీ నన్నెవరూ వేషానికి పిలవలేదు."

ఆడినవాళ్ళు తమ ఆటని ఎప్పటికీ చూసుకోలేని రోజులవి. ఎనిమిదేళ్ళప్పుడు గుచ్చుకున్న ఆ ముల్లు తీసుకునే దారి లేక, పందొమ్మిదో ఏట అదే స్టేషన్‌లో చేరి, మాట మర్చిపోయిన వాళ్ళందరికీ మాట అందిస్తూ బతికింది. అక్కడ చెప్పలేకపోయిన మాటని వచ్చిన ప్రతి కొత్తవాడికీ గుమ్మంలో చెప్తూ వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ రిటైరయింది.

ఇక నా ఆఖరి ఏడాదికొస్తాను. స్టేషన్ చిన్న బిల్డింగుకి మారుతోంది. గోదాము ఖాళీ చెయ్యాలి, పనికొచ్చేవి వీడియోగా మార్చి మిగతావి పారెయ్యాలి. అట్టడుగు అరలో తుప్పు పట్టిన డబ్బాలు మూడు దొరికాయి. మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. ఫిల్ము ముసలిదైతే అలాగే పులుస్తుంది, కుంచించుకుపోతుంది, పెళుసెక్కుతుంది. డబ్బా మీద బ్రష్షుతో రాసిన పేరు చదివి నేలమీదే కూలబడ్డాను. అదే నాటకం. ఎవరో పుణ్యాత్ముడు ఆవేళ టీవీ తెర ముందు ఒక ఫిల్ము కెమెరా పెట్టి తీసి ఉంచాడు. మా కుర్ర మేనేజర్ సంబరపడిపోయి, ఈ క్రిస్మస్‌కి దాన్నే వేద్దామన్నాడు.

ఆ ఆదివారం ఫెర్రీ దిగి పరుగులాంటి నడకతో స్క్రిప్టమ్మ ఉంటున్న సీనియర్స్ హోమ్‌కి వెళ్ళాను. డబ్బాల సంగతి చెప్పాను. "తొందరగా చెయ్యి నాయనా" అంది ఆవిడ. ఆవిడ చూపు ఆ ఏడాది రోజురోజుకీ తగ్గిపోతోంది. చలికాలం దాటేసరికి మొహాలు కూడా ఆనవని డాక్టరు చెప్పాడట. "చెప్పానో లేదో నా కళ్ళతో చూసి, నా చెవులతో విని పోతాను. చెప్పకపోయినా ఫరవాలేదు. తెలియకపోవడమే కష్టంగా ఉంది."

ఆ హోమ్‌లోనే ఒక అమ్మాయి పరిచయమైంది. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఫెర్రీ ఎక్కితే తెలుగు, బస్సెక్కితే తెలుగు, కాఫీ షాపులో కౌంటర్ వెనక తెలుగు. పాతికేళ్ళు ఈ ఊళ్ళో బాహాటంగా తెలుగులో తిట్టుకున్న నేను నోరు అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆరోజు టీ నాలిక్కి చురుక్కుమని, "ఓరి నాయనోయ్, చచ్చాన్రా" అన్నాను. ట్రే పట్టుకుని వెళ్తున్న పిల్ల ఠక్కున ఆగిపోయింది.

"అంకుల్, మీది తెలుగేనా?"

కరీంనగర్ పిల్ల. వారమంతా కాలేజీ, శని ఆదివారాలు హోమ్‌లో డైనింగ్ హాల్ పని. స్క్రిప్టమ్మని అచ్చ తెలుగులో "అమ్మమ్మా" అని పిలుస్తుంది, ఆవిడ పలుకుతుంది. "ఫస్ట్ డే మస్తు భయమైంది అంకుల్. డోర్ కాడ్నే నిలబడ్డ. ఈ అమ్మమ్మనే వచ్చి లోపలికి రా, చోటుంది అన్నది. ఏడుపొచ్చింది నాకు" అని చెప్పింది.

మొదటి రెండు రీళ్ళూ సెప్టెంబరులో జాగ్రత్తగా మార్చాను. ఎనిమిదేళ్ళ స్క్రిప్టమ్మ రెండు జడలతో బల్లమీద పళ్ళేలు సర్దుతూ కనపడింది. తలుపు దగ్గరి సీను మూడో రీల్లో ఉంది. ఈలోగా దసరా వచ్చింది.

నా పాడుపని ఇక్కడుంది. ఏటా ఆయుధపూజ నాడు నా యంత్రానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం నాకలవాటు. ఎవరూ లేనప్పుడు పెట్టి, మర్నాడు తుడిచేసేవాణ్ణి. ఒక ఏడాది తుడవడం మర్చిపోతే, తనిఖీకొచ్చిన ఇంజనీరు పుస్తకంలో "ఎర్ర గుర్తు ఉంది, అంతా సవ్యం" అని రాసుకున్నాడు. పై ఏడాది గుర్తు కనపడక, తనే ఎర్ర మార్కరుతో ఒకటి పెట్టి వెళ్ళాడు. అలా నా పూజ స్టేషన్ నియమాల్లో కలిసిపోయింది.

ఆ ఏడాది నా ఆఖరి దసరా. ప్రేమ పొంగింది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన తల్లి కదా అని, పైపై బొట్టుతో ఊరుకోకుండా, కుంకుమ తడిపి ఫిల్ము తిరిగే ఒక్కొక్క రోలర్‌కీ పెట్టాను. మర్నాడు అన్నీ తుడిచాను. అన్నీ అనుకున్నాను. వెనకవైపు చిన్న రోలర్ ఒకటి మిగిలిపోయింది. దాని మీద కుంకుమ ఎండి గట్టి పెచ్చులా అయింది.

మూడో రీలు ఎక్కించాను. ముసలాయన మంచులో నడిచి నడిచి జాలరి ఇంటి తలుపు తట్టాడు. నేను కుర్చీ అంచుకి జరిగాను. టక్‌టక్‌టక్ మని చప్పుడైంది. బొమ్మ గంతులేసింది, మాటకి బదులు గరగర వచ్చింది. ఆపే మీట నొక్కేలోపు కుంచించుకుపోయిన ఫిల్ము ఆ పెచ్చుకి పట్టుకుని, అంచున ఉన్న చిల్లులన్నీ చిరిగిపోయాయి. చిరిగింది బారెడు. బారెడు ఫిల్మంటే పది సెకన్లు. తలుపు తెరిచిన దగ్గర్నుంచి ముసలాయన టోపీ తీసి అడుగు లోపల పెట్టేదాకా. నా వేలికి ఎర్రగా అంటుకుంది.

మిగతా రీలు శుభ్రంగా నడిచింది. ఆ బారెడు మాత్రం ఇంక ఏ యంత్రం మీదా ఎక్కదు. మేనేజర్‌తో "తెగిపోయిందండీ" అన్నాను. అబద్ధమేమీ కాదు. "పది సెకన్లే కదా, ఇక్కడ కొంత తెగిందని రాసి ఒక కార్డు వేసేద్దాం" అన్నాడాయన. ఆయన తప్పు లేదు, ఆ పది సెకన్లలో ఏముందో ఆయనకి తెలియదు.

తెలిసిన నేను మూడు ఆదివారాలు హోమ్ ఛాయలకి వెళ్ళలేదు. జలుబని ఒకసారి, ఫెర్రీ లేదని ఒకసారి, మూడోసారి ఏం చెప్పానో గుర్తులేదు. ఆ పిల్ల ఫోన్ చేసింది.

"అంకుల్, ఏమైంది మీకు? అమ్మమ్మ మీ కుర్చీల ఎవ్వర్నీ కూర్చోనిస్తలేదు. ఆయనొస్తడు, ఆయన చోటది అంటుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

"ఇన్న అని చెప్పెయ్యండి అంకుల్" అంది ఆ పిల్ల. "మిషన్ మీద పోయేటప్పుడు మంచిగ ఇనపడ్డది, తర్వాత తెగింది అనండి. ఏమైతది? అమ్మమ్మ ఖుష్ అయితది."

ఆ సలహా నాకు అప్పటికే వెయ్యిసార్లు తోచింది. చెప్తే నమ్ముతుంది కూడా. ఆ బారెడు ముక్కని జ్ఞాపకంగా ఇద్దామని బిస్కెట్ డబ్బాలో చుట్టి పెడుతుంటే, దాని అంచు మీద దృష్టి పడింది. ఆ రకం ఫిల్ములో మాట కూడా కంటికి కనపడుతుంది. బొమ్మల పక్కన సన్నటి తెల్లగీతగా ఉంటుంది. నిశ్శబ్దమైతే గీత తిన్నగా ఉంటుంది, మాటయితే రంపం పళ్ళలా ఉంటుంది. యంత్రం చదవలేకపోయినా కన్ను చదవగలదు. ఇన్నాళ్ళూ ఈ సంగతి తట్టకుండా ఏడుస్తూ కూర్చున్నాను.

భూతద్దం తీశాను. మళ్ళీ సొరుగులో పెట్టేశాను. ముందే చూశానంటే నిజం చెప్పాలో అబద్ధం చెప్పాలో తేల్చుకునే పని నా మీద పడుతుంది. నా సంగతి నాకు తెలుసు, ఆవిడ మొహం చూస్తూ నిజం చెప్పగలిగేంత గట్టివాణ్ణి కాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. బయట మంచు మీద ఎండ పడి గదంతా తెల్లగా ఉంది. కుర్చీలో కూర్చోకుండానే మొత్తం ఒప్పుకున్నాను, దసరా నుంచి చిరుగు దాకా.

"ఆ బొట్టు ఎందుకు పెడతారు?" అని అడిగింది స్క్రిప్టమ్మ.

"అన్నం పెట్టే యంత్రం కదా. ఏడాదికోసారి దణ్ణం పెట్టుకుంటాం."

ఆవిడ ఆలోచించింది. "అయితే పెట్టడం తప్పు కాదు. తుడవకపోవడం తప్పు" అంది, పూర్వం నా తప్పులు స్క్రిప్టులో పెన్సిల్‌తో సున్నా చుట్టినప్పటి గొంతుతో. "సరే, ఇంకో దారేదో ఉందని నీ మొహం చెప్తోంది. ఏమిటది?"

కిటికీ అద్దానికి తెల్లకాగితం అంటించి, దాని మీద ఫిల్ము అంచులు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల ఫోను కెమెరా దగ్గరగా పెట్టి, బొమ్మని తన టాబ్లెట్ మీద పెద్దది చేసి స్క్రిప్టమ్మ కళ్ళ ముందు పెట్టింది. నా యంత్రం ఎత్తు లేని ఆ పిల్ల చేతిలోని ఫోను, నా యంత్రం చెయ్యలేని పని చేసింది.

బొమ్మలో ముసలాయన మొహం మనవైపు, తలుపు తీసిన పిల్ల వీపు మనవైపు. కాబట్టి పెదాలు చూసి తెలుసుకునే వీలు లేదు. ముసలాయన టోపీ తీసేది పిల్ల మాట వినగానే. అంటే టోపీ మీద చెయ్యి పడే బొమ్మకి సరిగ్గా ముందు ఆ మాట ఉండాలి. ఆ బొమ్మ దొరికింది. దానికి ముందున్న గీత చూశాను. నున్నగా, తిన్నగా ఉంది. ఒక్క పన్నయినా లేదు.

"ఏముంది?" అంది ఆవిడ.

ఆ పిల్ల నావైపు చూసింది. కళ్ళతోనే, ఉందని చెప్పెయ్యండి అంకుల్ అంటోంది.

"ఏమీ లేదు" అన్నాను. "తిన్నగా ఉంది."

స్క్రిప్టమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఆ కిటికీలోంచి దూకాలనిపించింది. అప్పుడావిడ చాలా మెల్లిగా, తెర పక్కనుంచి అందించినట్టు, "ఇరవై ఆరు" అంది.

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ రకం ఫిల్ములో బొమ్మ పక్కనే దాని మాట ఉండదు. ఇరవై ఆరు బొమ్మలు ముందు, అంటే రీలు మొదలు వైపు ఉంటుంది. ఈ పనిలో నేర్చుకునే మొదటి పాఠమది. నేను చేరిన వారంలో దాన్ని కాగితం మీద రాసి నా కప్పులో పెట్టింది ఈవిడే. ఇరవై తొమ్మిదేళ్ళు అన్నం తిన్న పాఠాన్ని కంగారులో మర్చిపోయాను.

"అమ్మా, లెక్కపెట్టు" అన్నాను ఆ పిల్లతో. వెనక్కి జరుపుతూ ఒకటి, రెండు అని తెలుగులోనే లెక్కపెట్టింది. ఇరవై ఆరు బొమ్మలంటే సరిగ్గా జానెడు. ఇరవై ఆరు అంటూనే అరిచింది.

"అంకుల్! పళ్ళున్నయి! ఇగో, ఇంతింత పెద్దయి!"

ఉన్నాయి. జానెడు పొడుగునా నిటారుగా, ధైర్యంగా ఉన్నాయి. స్క్రిప్టమ్మ టాబ్లెట్ ముక్కు దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. "ఇంకా వెనక్కి జరుపు" అంది. అంతటితో సంతోషపడి ఊరుకునే మనిషి కాదు.

ఆ పెద్ద పళ్ళకి ముందు, నాలుగు వేళ్ళ మేర, చీమల బారులా చిన్నచిన్న పళ్ళున్నాయి. దానికి ముందు దాదాపు రెండు మూరలు గీత తిన్నగా ఉంది. అంటే నాలుగు సెకన్లకి పైమాటే. ప్రత్యక్ష ప్రసారంలో నాలుగు సెకన్లంటే ఇల్లు కాలిపోతున్నంత సేపు.

"మర్చిపోయాను" అంది స్క్రిప్టమ్మ. "నాలుగు సెకన్లు మర్చిపోయాను. ఎవరో గొణిగారు. అప్పుడు చెప్పాను." ఆవిడ టాబ్లెట్ ఒళ్ళోకి దించింది. "అమ్మ చెప్పిందీ నిజమే, నాన్న చెప్పిందీ నిజమే. ఎవరు గొణిగింది? అప్పట్లో తెర పక్కన మాట అందించే మనిషి ఉండేవాడు కాదే."

ఈసారి పాఠం మర్చిపోలేదు. చిన్న పళ్ళ దగ్గర్నుంచి ఇరవై ఆరు బొమ్మలు ఇవతలికి లెక్కపెట్టి, ఆ బొమ్మని పెద్దది చేయించాను. ముసలాయన గుమ్మంలో, మంచు పడిన గడ్డంతో, ఎప్పటిలా కోపంగా నిలబడి ఉన్నాడు. కళ్ళు పిల్ల మీదున్నాయి. పెదాలు మాత్రం కొంచెమే, వడ్లగింజంత తెరుచుకుని ఉన్నాయి.

"ఆయనే" అంది స్క్రిప్టమ్మ. తనని లోపలికి పిలిచే మాటని తనే పిల్లకి అందించాడు ఆ మహానుభావుడు. ఆ సంగతి ఎవరికైనా చెప్తే పిల్ల మర్చిపోయిందని చెప్పినట్టవుతుంది కాబట్టి, చచ్చేదాకా చెప్పలేదు. ఆవిడ ఏడ్చింది. ఆ పిల్ల ఏడ్చింది. నేను మొగాణ్ణి కదా అని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

క్రిస్మస్‌కి హోమ్ హాల్లో అందరూ కలిసి ఆ నాటకం చూశారు. పది సెకన్ల కార్డు పడగానే స్క్రిప్టమ్మ గర్వంగా, "ఇక్కడ నేను మాట మర్చిపోతాను" అని పక్కవాళ్ళకి చెప్పింది. మేనేజర్‌కి నేనింకా కుంకుమ సంగతి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

వసంతానికి ఆవిడ చూపు పూర్తిగా పోయింది. రిటైరయ్యాక మొదటి ఆదివారం వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నా అడుగుల చప్పుడికి ఆవిడ మొహం ఇటు తిప్పింది. ఏమీ అనలేదు. ఒక సెకను, రెండు, మూడు. గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. అప్పుడు చూశాను, ఆవిడ పెదవి చివర నవ్వు ఆగక వణుకుతోంది. నాకు అర్థమైంది. గుమ్మంలోనే నిలబడి, పెదాలు వడ్లగింజంత తెరిచి, మెల్లిగా అందించాను.

"లోపలికి రండి" అంది స్క్రిప్టమ్మ, హాలంతా వినపడేలా. "చోటుంది."

నేను బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.